జనరేటర్ కొన్నాం, బాల్కనీలో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో మధురవాడ. మూడంతస్తుల ఇంట్లో మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. కింద ఓనర్లు, పైన ఇంకో కుటుంబం. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే నాకు కరెంటు గురించే టెన్షన్. మా అత్తగారికి ఇన్సులిన్ ఇవ్వాలి, ఆయాసం వస్తే రాత్రుళ్లు నెబ్యులైజర్ పెట్టాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కానీ రెండు గంటలకి మించి రావడం లేదు. షామియానా సామాన్లు అద్దెకిచ్చే ఆయన దగ్గర 2.5 కేవీఏ పెట్రోల్ జనరేటర్ చవగ్గా వచ్చిందని మా తమ్ముడు కొని పంపాడు. వానకు తడవకుండా బాల్కనీలో పెడదామనుకుంటున్నాం. మా ఎలక్ట్రీషియన్, "రెండు వైపులా ప్లగ్గున్న వైరొకటి చేసిస్తాను మేడమ్, ఏసీ సాకెట్లో పెట్టి మెయిన్ ఆపేస్తే ఇల్లంతా వెలుగుతాది, ఏటీ అవదు" అంటున్నాడు. ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, టీవీ, ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు, ఏసీ. వీటిలో ఏవి నడుస్తాయి? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఏవి నడుస్తాయన్నది తర్వాత చూద్దాం. ముందు బాల్కనీ మాట, ఆ వైరు మాట. ఈ రెండూ ప్రాణం మీదికి తెచ్చేవి. బాల్కనీలో పెట్టకండి. ఆ వైరు చేయించకండి. ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి.

మోటార్లు, జనరేటర్లు బాగుచేసే పనిలో నాకు ముప్పై ఏళ్లు గడిచాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరి మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ దొరికినవాళ్లు అదృష్టవంతులనుకున్న రోజులవి. మూడో రోజో నాలుగో రోజో ఒక ఇంటినుంచి కబురొచ్చింది, ఇంజన్ బరువుగా తిరుగుతోంది, వచ్చి చూడమని. వెళ్తే, జనరేటర్ మెట్ల కింద సందులో ఉంది. వాన పడుతుందని ముందు రేకు అడ్డం పెట్టారు. దోమలొస్తాయని ఇంటి కిటికీలన్నీ మూసేశారు. ఇంటాయన తల పట్టుకుని కూర్చున్నాడు. చిన్నపిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. నీళ్లు పడలేదేమో అనుకుంటున్నారు. ముసలావిడ నిద్రపోతోంది, పిలిస్తే సరిగా పలకడం లేదు. ఇంజన్ ఆపేసి అందరినీ వీధిలోకి తీసుకొచ్చాం. అరగంటకి ఆవిడ కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. ఆ రాత్రి ఇంజన్ మొరాయించకపోయి ఉంటే, నన్ను పిలవకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పెట్రోల్ పూర్తిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. చిన్న ఇంజన్లలో అది ఎప్పుడూ కొంత వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ వాసన రావడం లేదు కాబట్టి ఫరవాలేదనుకోవడానికి లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అందుకే గాలిలో కొంచెమే ఉన్నా గంటలు గడిచేకొద్దీ ఒంట్లో పేరుకుంటుంది. మూసిన చోట పెడితే ఇంజన్ తన పొగనే తాను పీల్చుకుంటుంది, ఆక్సిజన్ చాలక విషవాయువు మరీ ఎక్కువ వదులుతుంది. ఆ ఇంట్లో ఇంజన్ బరువుగా తిరగడానికి కారణం అదే.

మీ బాల్కనీకి మూడు వైపులా గాలి ఆడుతుందని మీరు అనవచ్చు. నాలుగో వైపు మీ హాలు తలుపు ఉంది, పక్కన కిటికీ ఉంది. ఆ పొగ మీ గదుల్లోకీ, పై ఇంటివాళ్ల పడకగదిలోకీ వెళ్తుంది. వాళ్లకి మీ జనరేటర్ సంగతే తెలియకపోవచ్చు. కింద పార్కింగ్, మెట్ల దగ్గర, లిఫ్టు పక్కన, షెడ్డు, డాబా మీద ట్యాంకు గది, ఇవన్నీ కూడా వద్దు. గోడలకి కనీసం ఇరవై అడుగుల దూరంలో, ఆరుబయట, సైలెన్సర్ ఏ కిటికీ వైపూ లేకుండా పెట్టాలి.

మన ఊళ్లో ఇంకో సంగతి చూసుకోవాలి. మామూలు రోజుల్లో పగలు సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంది. రాత్రి పొద్దుపోయాక అది తిరిగి నేల వైపు నుంచి వీస్తుంది. మధ్యాహ్నం పొగ ఇంటికి దూరంగా పోతోందని చూసి పెట్టిన జనరేటరే అర్ధరాత్రికి మీ ఇంటి మీదికి పొగ ఊదుతుంది. తుఫాను గాలికైతే దిక్కే ఉండదు. కాబట్టి నా సలహా ఒక్కటే: మెలకువగా ఉన్నప్పుడే జనరేటర్ నడపండి. రాత్రి పడుకునే ముందు ఆపేయండి. రాత్రికి బ్యాటరీ ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

కార్బన్ మోనాక్సైడ్ అలారం అని బ్యాటరీతో పనిచేసే చిన్న డబ్బా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పొగ అలారం వేరు, ఇది వేరు, చూసి కొనండి. అత్తగారు పడుకునే గదిలో పెట్టండి. కరోనా నాటి పల్స్ ఆక్సీమీటర్ మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది. ఈ విషయంలో దాన్ని నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కేసి 98, 99 అని చూపిస్తుంది. మనిషి మాత్రం లోపల ఊపిరందక అల్లాడుతుంటారు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం, మాట తడబడటం, ఇవి ఇంట్లో ఒకరికంటే ఎక్కువ మందికి ఒకేసారి వచ్చాయంటే ఆలోచించకుండా అందరూ బయటికి రండి. 108కి ఫోన్ చేయండి. కేజీహెచ్ కావచ్చు, ఇంకే ఆసుపత్రి కావచ్చు, డాక్టరుతో మొదటి మాటగా "జనరేటర్ పొగ పీల్చారు" అని చెప్పండి. ఆ మాట వింటే వాళ్లు ఆక్సిజన్ పెడతారు, సరైన రక్తపరీక్ష చేస్తారు. చెప్పకపోతే ఫుడ్ పాయిజన్ అనుకునే అవకాశం ఉంది.

ఇక ఆ రెండు ప్లగ్గుల వైరు. మీ ఎలక్ట్రీషియన్ చెడ్డవాడని నేననను. చాలామంది ఇలాగే చేస్తారు, చాలాసార్లు ఏమీ జరగదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాడు. కానీ ఆ వైరు ఒక కొన జనరేటర్‌లో ఉండగా రెండో కొన సాకెట్‌లోంచి ఊడిందంటే, ఆ ప్లగ్గు పిన్నుల్లో 230 వోల్టులు బయటికి ఉంటాయి. చీకట్లో తడి చేత్తో ఎవరు పట్టుకున్నా అంతే.

అంతకంటే పెద్ద ప్రమాదం వీధిలో ఉంది. మెయిన్ ఆపడం ఒక్కసారి మర్చిపోయారనుకోండి. తుఫాను రాత్రి, పిల్లల ఏడుపు, చేతిలో టార్చి. ఎవరైనా మర్చిపోతారు. మీ జనరేటర్ కరెంటు మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి పోతుంది. మామూలుగా అది 11,000 వోల్టులను మన ఇంటి వోల్టేజీకి దించుతుంది. వెనక నుంచి కరెంటు వస్తే అదే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పైకి లేపి వేల వోల్టులుగా హెచ్‌టీ (హై టెన్షన్) లైన్‌లోకి పంపుతుంది. అప్పుడు స్తంభం మీద ఎవరుంటారు? మీ ఇంటికి కరెంటు తెప్పించడానికి తిండీ నిద్రా మాని వానలో ఎక్కిన లైన్‌మన్ ఉంటాడు. లైను ఆపించుకుని, ఎర్త్ చేసుకునే ఎక్కుతారు, నిజమే. కానీ తెగిన వైరు నేల మీద పడి ఉంటే దాన్ని పక్కకి జరిపేది లైన్‌మన్ ఒక్కడే కాదు, వీధిలో కుర్రాళ్లు కూడా చెయ్యేస్తారు. హుద్‌హుద్ తర్వాత పడిపోయిన స్తంభాల మధ్య పనిచేసినవాళ్లను దగ్గర నుంచి చూశాను. వాళ్ల ప్రాణం మన ఇంటి స్విచ్ మీద మన జ్ఞాపకశక్తికి వదిలేయడం న్యాయం కాదు.

పోనీ లైన్‌మన్‌కి ఏమీ కాలేదు, మీరు మెయిన్ వేసి ఉండగానే కరెంటు తిరిగొచ్చిందనుకోండి. రెండు కరెంట్లు ఒకదానికొకటి ఎదురుపడతాయి. జనరేటర్ వైండింగ్ కాలుతుంది, పక్కనే పెట్రోల్ ట్యాంకు ఉంటుంది.

దీనికి సరైన దారి చేంజోవర్ స్విచ్. ఒక వైపు తిప్పితే ఈపీడీసీఎల్ వాళ్ల వీధి లైను కరెంటు, రెండో వైపు తిప్పితే జనరేటర్, మధ్యలో పెడితే ఏదీ రాదు. రెండూ ఒకేసారి కలిసే వీలే దానిలో ఉండదు. మెయిన్ ఆపామా లేదా అని గుర్తుపెట్టుకునే పని లేదు. ఐఎస్ఐ గుర్తున్నది, రెండు పోల్స్‌ది, అంటే ఫేజ్, న్యూట్రల్ వైర్లు రెండింటినీ మార్చేది తీసుకోండి. ఎలక్ట్రీషియన్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "న్యూట్రల్ కూడా మారుతుందా?" మారుతుందంటే పని తెలిసినవాడే. "న్యూట్రల్ కలిపే ఉంచుతాం, ఫేజ్ ఒక్కటి మారుస్తాం" అంటే ఇంకొకరిని పిలవండి. జనరేటర్ బాడీకి ఎర్త్ బోల్టు ఉంటుంది, దానికి ఎర్త్ వైరు తగిలించమనండి. మీ ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ (షాక్ తగిలితే కరెంటు ఆపేసే స్విచ్) ఉంటే, జనరేటర్ మీద నడుస్తుండగా దాని టెస్ట్ బటన్ నొక్కి చూడమనండి. ఆ తర్వాత ఇంకో మాట కూడా అడగండి. చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్ బాడీకి కలిపి ఉండదు. అలాంటప్పుడు బటన్‌కి ఆర్‌సీసీబీ పడినా నిజంగా షాక్ తగిలినప్పుడు అది పడకపోవచ్చు. దీన్ని సరిచేయడం తెలిసినవాడి పని.

మీది అద్దె ఇల్లు, చేంజోవర్‌కి ఓనరు ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా ఇంటి వైరింగ్ జోలికి పోకుండా జనరేటర్ సాకెట్ నుంచి నేరుగా ఎక్స్‌టెన్షన్ వైరు లాగి ఫ్రిజ్‌కో ఫ్యాన్‌కో ఇవ్వండి. అది మూడు కోర్ల రాగి వైరు, 2.5 స్క్వేర్ ఎంఎం, మీదంతా మందపాటి తొడుగు ఉన్నది అయ్యుండాలి. పెళ్లిపందిట్లో బల్బులకి వాడే సన్న వైరు పనికిరాదు. చుట్టగా చుట్టి ఉన్నది చుట్టలాగే వాడితే లోపల వేడెక్కి కరుగుతుంది, పూర్తిగా విప్పి పరవండి. వైరు కోసం కిటికీ సందు తెరిచారంటే ఆ సందులోంచి పొగ కూడా రావచ్చు, గుడ్డ కుక్కండి.

ఇప్పుడు మీరడిగిన లెక్క. 2.5 కేవీఏ అంటే 2,500 వాట్లని అనుకుంటారు. సాధారణంగా 0.8తో గుణించి చూస్తాం, అంటే 2,000 వాట్లు. పాత ఇంజన్ కాబట్టి 1,500 దగ్గర ఆగితే మంచిది. నాలుగు ఫ్యాన్లు మామూలువైతే ఒక్కోటి 70, 75 వాట్లు, మొత్తం 300. ఎల్‌ఈడీ లైట్లు, రౌటర్, ఫోన్ చార్జర్లు కలిపి 100 లోపే. టీవీ ఇంకో 100. ఫ్రిజ్ తిరిగేటప్పుడు 150 దాకా. ఇవన్నీ హాయిగా నడుస్తాయి. ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీపెట్టె ఈ జనరేటర్ మీద వద్దు.

నీళ్ల మోటారు దగ్గర జాగ్రత్త. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే, కానీ అది మోటారు చేసే పని. అది లాగే కరెంటు 1,000 వాట్లు దాటుతుంది. పైగా మోటారు కదిలే ఆ ఒకటి రెండు సెకన్లు మామూలుకి నాలుగైదు రెట్లు లాగుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ కూడా చిన్న పాటి మోటారే, దానిదీ ఇదే గుణం. మీ జనరేటర్ ఒక హెచ్‌పీ మోటారుని ఎత్తగలదో లేదో ప్లేటు చూసి చెప్పలేం, తుఫానుకి ముందే ప్రయత్నించి చూడాలి. మిగతావన్నీ ఆపేసి మోటారు ఒక్కటే వేయండి. ఇంజన్ మూలిగి, లైటు మసకబారి, మోటారు గుర్రుమంటూ తిరగకపోతే వెంటనే ఆపేయండి. రెండోసారి ప్రయత్నించకండి, మోటారు వైండింగ్ పోతుంది. తుఫాను హెచ్చరిక రాగానే కరెంటు ఉండగానే ట్యాంకు, బకెట్లు, డ్రమ్ములు నింపేయడమే మీకు నేను చెప్పే దారి. మిక్సీ పనులు కూడా ముందే చేసుకోండి.

నడిపే పద్ధతి: ఏమీ తగిలించకుండా ఇంజన్ స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు తిరగనివ్వండి. తర్వాత ముందు ఫ్రిజ్, అది సర్దుకున్నాక మిగతావి ఒక్కొక్కటి. ఆపేటప్పుడు అన్నీ తీసేశాక ఇంజన్ ఆపండి. పెట్రోల్ అయిపోయి దానంతటదే ఆగేదాకా ఉంచకండి. చివరి నిమిషాల్లో ఇంజన్ ఎగిరెగిరి పడుతుంది, వోల్టేజీ దానితో పాటే ఎగురుతుంది, ముందు పోయేది ఫ్రిజ్ బోర్డు, టీవీ. షామియానా పనికి వాడిన జనరేటర్ అంటున్నారు కాబట్టి టీవీ తగిలించే ముందే ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడూ, లోడు మీదా 220 నుంచి 240 వోల్టుల మధ్య, 50 హెర్ట్జ్‌కి దగ్గరగా ఉండాలి. పందిట్లో బల్బులకి కొంచెం ఎక్కువ తక్కువైనా చెల్లిపోయేది, మీ ఫ్రిజ్‌కి చెల్లదు.

నిజానికి ఫ్రిజ్ రోజంతా నడవక్కర్లేదు. తలుపు తీయకపోతే నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ అయితే దాదాపు రెండు రోజులు.

ఇప్పుడు రాత్రి సంగతి. జనరేటర్ పగలు మీ ఇన్వర్టర్ బ్యాటరీని నింపాలి, రాత్రి ఆ బ్యాటరీ మిమ్మల్ని కాచుకోవాలి. 150 ఏహెచ్ బ్యాటరీ 15 ఆంపియర్ల చొప్పున మూడు గంటలు చార్జి అయిందనుకోండి. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు లాగే రకం), రెండు ఎల్‌ఈడీ లైట్లు, రౌటర్ కలిపి 90 వాట్ల దాకా, నష్టాలు పోగా నాలుగు గంటలు వస్తుంది. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు నడిపితే రాత్రి గడిచిపోతుంది. పెట్రోల్ గంటకు లీటరు దాకా వేసుకోండి. మీ ఇన్వర్టర్ రెండు గంటలే వస్తోందంటే బ్యాటరీ ముసలిదై ఉండాలి, లేదా టీవీ, ఫ్రిజ్ కూడా దాని మీదే పడుతుండాలి. ముందు డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి, షాపులో బ్యాటరీ చెక్ చేయించండి. ఇంటి డబ్బు ఎక్కడ పెట్టాలని నన్నడిగితే, జనరేటర్ కంటే ముందు కొత్త బ్యాటరీ, అత్తగారి గదిలో ఒక బీఎల్‌డీసీ ఫ్యాన్ అంటాను. మీ ఇన్వర్టర్ వెనక యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటే, జనరేటర్ మీద చార్జి చేసేటప్పుడు నార్మల్‌లో ఉంచండి. యూపీఎస్‌లో ఉంటే ఊగే వోల్టేజీని అది ఒప్పుకోదు, చార్జింగ్ మొదలే కాకపోవచ్చు.

నెబ్యులైజర్ ఎక్కువలో ఎక్కువ 150 వాట్లు, పది నిమిషాల పని. అది బ్యాటరీ మీదే నడుస్తుంది, దానికోసం రాత్రి జనరేటర్ లాగక్కర్లేదు. ఇన్సులిన్ విషయంలో కంగారు పడకండి. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా మామూలుగా 30 డిగ్రీల లోపు బయట నాలుగు వారాల దాకా ఉంటుంది, మీ అత్తగారు వాడే రకానికి ఎన్ని రోజులో పెట్టెలోని కాగితంలో ఉంటుంది, ఒకసారి చదవండి. ఐస్‌కి తగిలేలా పెట్టకండి, గడ్డకడితే పారేయాల్సిందే. తడి గుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టే పద్ధతి మంచిదే కానీ, మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, వేసవిలో రాయలసీమలో చల్లబడినంతగా ఇక్కడ కుండ లోపల చల్లబడదు.

పెట్రోల్ గురించి క్లుప్తంగా. ఇంజన్ ఆపి పావుగంట చల్లారనిచ్చాకే పోయాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోయి దేవుడి గదిలో దీపాన్నైనా, గ్యాస్ స్టవ్‌నైనా అందుకుంటుంది. డబ్బా ఇంట్లో పెట్టకండి. వాన పడుతుంటే నాలుగు వైపులా తెరిచి ఉన్న చిన్న పందిరి కింద, ఇటుకల ఎత్తు మీద నడపండి. జనరేటర్ మీద టార్పాలిన్ చుట్టేసి నడపడం చూస్తుంటాను, అది ఇంజన్‌నీ కాల్చగలదు, ఇంటినీ కాల్చగలదు. సీజన్ అయ్యాక ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేసి పెట్టండి. నిల్వ పెట్రోల్ జిగురు కడుతుంది, సముద్రపు గాలికి టెర్మినల్స్ తుప్పు పడతాయి. అవసరం వచ్చిన రోజున తాడు ఎంత లాగినా స్టార్ట్ కాని జనరేటర్లన్నీ నా దగ్గరికి వచ్చింది ఈ రెండు కారణాల వల్లే.

ఈ ఆదివారం ఎండ కాస్తున్నప్పుడే కింద ఓనర్లతో, పై ఇంటివాళ్లతో కలిసి ఆవరణలో ఒకసారి నిలబడండి. జనరేటర్ ఎక్కడ పెడితే మూడు ఇళ్ల కిటికీలకీ ఇరవై అడుగుల దూరం వస్తుందో టేపు పట్టి కొలవండి. అంత చోటు మీ ఆవరణలో లేకపోతే మొహమాటపడకుండా తమ్ముడికి చెప్పి జనరేటర్ తిరిగి ఇప్పించేయండి, ఆ డబ్బు బ్యాటరీకి పెట్టండి. చోటుంటే అక్కడ సున్నంతో గీత గీసి, నడిపే రోజుల్లో ముందు పై ఇంటి తలుపు తట్టి చెప్పి, ఆ తర్వాతే తాడు లాగండి.